నాంచారమ్మ నోరు

పాత ఐసు ఫ్యాక్టరీ నడిమి గదిలో మంచు మాట్లాడేది. నా గొంతుతో మాట్లాడేది.

అది మొదటిసారి పలికిన పూట నాకు బాగా గుర్తు. పొద్దున పదిన్నర. బందరు రేవు మీంచి వచ్చే ఉప్పుగాలి కిటికీల మీద తెల్లగా పేరుకుని ఉంది. గది మధ్యలో మనిషెత్తు గాజు పెట్టె. దానికి ముందువైపు గాజు లేదు, అయినా లోపలి పొగమంచు గడప దాటి బయటికి వచ్చేది కాదు. నిద్రపోతున్నవాడి ఊపిరిలాగా అక్కడికక్కడే లేచి పడుతూ ఉండేది. మా అక్క నాంచారమ్మ అందులోకి చేతులు పెట్టింది. ఆవిడ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉంటాయి. పెడనలో ముప్పై ఏడేళ్లుగా కలంకారీ గుడ్డలకి రంగు వేస్తోంది. ఆ ఎరుపు ఇక పోదు. తెల్లటి మంచులో ఆ ఎర్రటి చేతులు కదిలాయి. మంచు ఆవిడ వేళ్ల సందుల్లోకి పాకింది, మణికట్ల చుట్టూ తిరిగింది, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగింది.

“నా పేరు నాంచారమ్మ అండి. మాది పెడన అండి,” అంది మంచు.

నా గొంతే. ఆ జీర, ‘అండి’ దగ్గర కిందికి వంగే ఆ వంపు, అన్నీ నావే. నేనేమో మూలన స్టూలు మీద నోరు మూసుకుని కూచుని ఉన్నాను.

అక్కకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఆవిడ చేతులు బయటికి తీసి, ఒక అరచేతిని పెట్టె పక్కగాజుకి ఆనించి, రెండో చేత్తో ‘మళ్లీ’ అంది. సైగల్ని మాటలుగా మార్చే ఈ పెట్టెని తయారుచేసి ‘అద్దం’ అని పేరు పెట్టిన డాక్టర్ తబస్సుమ్ మీట నొక్కింది. అద్దం మళ్లీ పలికింది. గాజు సన్నగా అదిరింది. అక్క మొహం విచ్చుకుంది. నా వైపు తిరిగి రెండు వేళ్లు పెదాల మీద పెట్టుకుంది. అది నా పేరు. లోకానికి నేను భావనారాయణని, అక్కకి మాత్రం ‘నోరు’.

‘లోపల నువ్వే ఉన్నావురా’ అంది.

*

ఆ పేరు నాకు పన్నెండో ఏట వచ్చింది. అక్కకి అప్పుడు ఇరవై. అద్దకం షెడ్డులో పనికి చేరింది. యజమాని చెప్పేది ఆవిడకి తెలియాలి, ఆవిడ చెప్పేది ఆయనకి తెలియాలి. ఆవిడ చంకన పెరిగినవాణ్ణి గనక ఆవిడ సైగలు నాకే పూర్తిగా తెలుసు. ఒక్క వారం వెళ్లొస్తాడులే అన్నారు ఇంట్లో. ఆ వారం ఇంకా అయిపోలేదు. ఏడో తరగతి హాజరు పట్టీలో నా పేరు కొట్టేశారు.

చేరిన నాలుగో రోజునో ఐదో రోజునో, గుడ్డ మీద ఎరుపు సరిగ్గా పట్టలేదని యజమాని అరిచాడు. “ఈ మొద్దు మొహానికి చెవులే లేవనుకున్నా, కళ్లూ లేవేంట్రా? రేపట్నుంచి రావద్దని చెప్పు!”

నేను అక్కకి, ‘పటిక కొంచెం ఎక్కువ వెయ్యమంటున్నాడు’ అని చెప్పాను.

అక్క ఊరుకోలేదు. ‘పటికలో ఉప్పు కలిపి తెచ్చింది ఆయనే. నేను చూశా. దొంగ అని చెప్పు.’

నేను చేతులు కట్టుకున్నాను. “తప్పయిపోయిందండి. రేపట్నుంచి సరిగ్గా చేస్తానంటందండి.”

యజమాని చల్లబడ్డాడు. సరే ఏడవమను అన్నాడు. ఆయన చల్లబడడం అక్క కళ్లారా చూసింది. బయటికొచ్చాక నా బుగ్గ పట్టుకుని గిల్లింది. ‘మొహం మీద చెబితే ఎట్టా దిగొచ్చాడో చూశావా!’

ఆ రోజు అక్క పని ఊడకుండా నిలిచింది. నా పని కూడా ఖాయమైపోయింది. తర్వాత రేషన్ షాపు, బ్యాంకు, ఆస్పత్రి, పోలీసు స్టేషను. అక్క ఒక్కతే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో వినపడని వాళ్లంతా నా దగ్గరికే వచ్చేవాళ్లు. అటు నుంచి వచ్చే బూతులు ఇటు చేరకుండా, ఇటు నుంచి వెళ్లే నిప్పులు అటు చేరకుండా మధ్యలో నేను. జనం నన్ను ‘నాంచారమ్మ నోరొచ్చింది’ అని వెక్కిరించేవాళ్లు. వెక్కిరించినా కూచోమని బల్ల చూపించేవాళ్లు.

నలభై దగ్గర పడ్డాక ప్రభుత్వానికి మేము కనిపించాం. బందరులో జిరాక్సు షాపు పైన రెండు గదులు తీసుకుని ‘సంజ్ఞా సేవా కేంద్రం’ అని బోర్డు పెట్టింది. వినపడని వాళ్ల తరఫున మాట్లాడడం, వాళ్ల హక్కుల కోసం నిలబడడం మా పని అని ఆ బోర్డు కింద సన్నటి అక్షరాల్లో రాసి ఉండేది. నేనూ, నా కింద ముగ్గురు కుర్రకారు. ఏటా మార్చిలో మా కేంద్రం చచ్చేది, జూన్లో మళ్లీ బతికేది. మధ్యలో ఆ మూడు నెలలూ వినపడని వాళ్లకి జబ్బులు రావనీ, కేసులు ఉండవనీ సచివాలయంలో ఎవరో గట్టిగా నమ్మేవాళ్లు.

ఆ ముగ్గురికీ పని నేర్పింది నేనే. “అక్కడ ఎంత సలసలా కాగినా, ఇక్కడికొచ్చేసరికి గోరువెచ్చగా ఉండాలి,” అని చెప్పేవాణ్ణి. మా పని అట్టాగే నడిచేది. ప్రతి మాటామంతీ వీడియో తీసి దాచాలని రూలు ఒకటుండేది. పదకొండేళ్ల వీడియోలు దాచాం. వాటిని ఎవరూ చూడరనే ధైర్యం మాకు.

చూసేది ఒకటి వచ్చింది.

*

తబస్సుమ్ బందరు పిల్లే. వాళ్ల నానా, అంటే అమ్మవాళ్ల నాన్న, ముసలితనంలో చెవులు పోయి, చివరి ఆరేళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడట. ఆ గోడని పగలగొట్టాలని ఆ పిల్ల పెద్ద చదువులు చదివింది. చదువుకున్నవాళ్ల మీద నాకున్న మంట ఆ పిల్ల మీద చూపించలేకపోయేవాణ్ణి. నన్ను అన్నా అనేది. నా టీలో చక్కెర తనే కలిపేది.

“దీనికి నేను భాష నేర్పట్లేదన్నా,” అంది ఒకరోజు. గోడ మీద మా వీడియోలు ఆడుతున్నాయి. పెట్టెలో మంచు వాటివైపు తిరిగినట్టు ఒక పక్కకి వాలి ఉంది. “చేతులు ఇట్లా కదిలినప్పుడు మీరు ఏమన్నారో చూపిస్తున్నా, అంతే. చేతులు, గొంతు. చేతులు, గొంతు. పదకొండేళ్లవి చూస్తే అదే పోల్చుకుంటుంది. పసిపిల్లలు నేర్చుకున్నట్టే.”

“అన్నీ చూపిస్తున్నావా అమ్మా?”

“అన్నీ. ఎందుకన్నా?”

“ఊరికే.”

చెప్పాల్సింది ఆ రోజే. చెప్పలేదు. వయసులో నాకన్నా పదిహేనేళ్లు చిన్నది, అన్నా అని పిలిచేది, నా పనితనం చూసి మురిసిపోతున్నది. ఆ పిల్ల ముందు నేను ముప్పై ఏడేళ్లుగా దొంగనని ఎట్టా చెప్పను?

సాయంత్రం నాలుగింటికి యంత్రం ఆపి, పెట్టె మీద తెల్లగుడ్డ కప్పి, అందరూ వెళ్లిపోయేవాళ్లు. ఒకసారి కండువా మరిచిపోయి నేను వెనక్కి వెళ్లాను. గదిలో ఎవరూ లేరు. పడమటి ఎండ గుడ్డ మీద పడి, లోపల మంచు కదలిక నీడలా కనపడుతోంది. రెండు చేతులు. వాటంతట అవే లేస్తున్నాయి, ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి, కరిగిపోతున్నాయి. దగ్గరికి వెళ్తే సన్నగా మాటలు.

“అలాగేనండి... చిత్తమండి... తప్పయిపోయిందండి... తమరి దయ అండి...”

నా గొంతు. ఎవరితో అంటోంది? గదిలో ఎదురుగా ఎవరూ లేరు. ఎదురుగా ఎవరూ లేకపోయినా దణ్ణాలు పెడుతోంది.

మర్నాడు తబస్సుమ్‌కి చెబితే కళ్లు మెరిశాయి. “కలవరిస్తోందన్నా! ఆపేశాక కూడా లోపల కొంత చలనం ఉంటుంది. ఎంత బాగుందో!”

నాకు మాత్రం ఆ వారమంతా ఒకటే కల. పంటకాలవ నిండా నీళ్లకి బదులు మంచు. అక్క అందులో గుడ్డ జాడిస్తూ ఉంటుంది. నేను గట్టు మీంచి పిలుస్తాను. పిలిచిన ప్రతిసారీ నా నోట్లోంచి ‘అలాగేనండి’ అనే వస్తుంది.

*

చిన్న చిన్న అద్దాలు చేసి నాలుగు చోట్ల పెట్టారు. అందులో ఒకటి ప్రసూతి ఆస్పత్రిలో.

శేషు మా అక్క షెడ్డులోనే అచ్చులు వేసేది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, వినపడదు. అచ్చు గుడ్డ మీద దించి పిడికిలితో కొట్టే దెబ్బ నేలలోంచి కాళ్లకి తగిలి, అక్కకి ఆ పిల్ల ఎక్కడుందో తెలిసేది. నెలలు నిండుతున్నాయి. ఒక శనివారం పొద్దున నొప్పని ఆస్పత్రికి వెళ్లింది. అంతకుముందైతే మా కేంద్రం నుంచి ఒకరు వెంట వెళ్లేవాళ్లు. అద్దం ఉందిగా, మనిషి అక్కర్లేదన్నారు. సోమవారం మళ్లీ వెళ్లేసరికి బిడ్డ లేదు.

వారం తర్వాత తబస్సుమ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. కళ్లు వాచి ఉన్నాయి. గోడ మీద శేషు చేతులు ఆడాయి.

‘కడుపు చించేస్తోంది. రాత్రి నుంచి బిడ్డ కదలట్లేదు. నాకు భయంగా ఉంది. నన్ను పంపించొద్దు. పంపించొద్దు.’

అద్దం నా గొంతుతో అంది: “కొంచెం నొప్పిగా ఉందండి. బిడ్డ కదలిక కాస్త తగ్గినట్టుందండి. మీరెట్టా చెబితే అట్టాగేనండి.”

డాక్టరమ్మ మాత్రలు రాసింది. సోమవారం రమ్మంది. మంచులో తెల్లటి చేతులు లేచి ఎంతో నెమ్మదిగా, ఎంతో ముద్దుగా ఆ మాట శేషుకి చెప్పాయి. ఆ పిల్ల దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

“సైగ తప్పు పట్టలేదన్నా,” అంది తబస్సుమ్. “‘కదలట్లేదు’ అనే పట్టుకుంది, లోపలంతా వెతికి చూశా. పట్టుకుని మరి అట్లా ఎందుకు చెప్పింది? దాన్ని నేను మెత్తగా చెయ్యలేదే. ఎక్కడ నేర్చుకుంది?”

గాజు పెట్టెలో మంచు లేచి పడుతోంది.

“మిషను కదమ్మా,” అన్నాను.

అంతే అన్నాను. ఆ మాట అన్న నోటితోనే ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

*

ఆర్డరు వచ్చింది. అద్దం విజయవంతమైంది గనక, వచ్చే ఏడాది నుంచి ప్రతి ఆఫీసులో అద్దం. సంజ్ఞా సేవా కేంద్రానికి గ్రాంటు ఆపివేత. అభ్యంతరాలుంటే బందరు మీటింగు హాల్లో కమిషనర్ గారు స్వయంగా వింటారు.

నేను కాగితం పట్టుకుని పెడన వెళ్లాను. అక్క మోకాలి లోతు కాలవలో నిలబడి గుడ్డ జాడిస్తోంది. పొడుగాటి గుడ్డ నీటివాలుకి సాగి, దాని మీది పక్షులూ లతలూ ఈదుతున్నట్టున్నాయి. గుడ్డలకి పట్టించే కరక్కాయ రసం వాసన. గట్టు మీద శేషు, ఒళ్లో చేతులు పెట్టుకుని కూచుని ఉంది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆ పిల్ల ఆ చేతులతో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

కాగితంలో ఉన్నది అక్కకి చెప్పాను. ఆవిడ గుడ్డ గట్టు మీదికి విసిరికొట్టింది.

‘నేను వెళ్తా. నేను మాట్లాడతా.’

‘అద్దం ముందే మాట్లాడాలంట అక్కా. నన్ను రానివ్వరు. నా జీతం ఇందులో ఉంది గనక నా మాట పనికిరాదంట.’

‘పెట్టె ముందే మాట్లాడతా. బిడ్డ కదలట్లేదని చెబితే ఏ డాక్టరూ ఇంటికి పంపదు. ఆ పెట్టె శేషు మాట సరిగ్గా చెప్పలేదని ఆ పెట్టె చేతే చెప్పిస్తా.’ తర్వాత కొంచెంసేపు నన్ను చూసింది. చూపు మెత్తబడింది. ‘పెట్టెకి కోపం రాదురా. నీకొస్తుంది. షెడ్డు ఆయన దగ్గర, బ్యాంకోడి దగ్గర, స్టేషన్లో, నా కోపం నీ నోట్లోంచి వచ్చింది కాబట్టే నేను బతికా. ఈ పిల్లలకి అది లేకుండా చేస్తారా? ఊరుకోను.’

కాలవ మీద ఎండ మెరుస్తోంది. ఆవిడ తడిచేత్తో నా పెదాల మీద రెండు వేళ్లు ఆనించింది. వేళ్లు చల్లగా, పటిక రుచిగా ఉన్నాయి.

*

మీటింగు హాల్లో పెద్ద అద్దం తెచ్చి పెట్టారు. నలభై మంది వినపడని వాళ్లు వచ్చారు. అంతమంది ఉన్నా హాలు నిశ్శబ్దంగా, గుండెల ఎత్తున చేతులు మాత్రం చిట్టడివిలాగా ఊగుతున్నాయి. శేషు మూడో వరసలో కూచుంది. నేను గోడ పక్కన. తబస్సుమ్ అద్దం వెనక మీటల దగ్గర. కమిషనర్ గారు చెడ్డమనిషి కాదు. వచ్చిన వాళ్లందరికీ మజ్జిగ ఇప్పించాడు.

అక్క మంచు ముందు నిలబడింది. కట్టిన చీర మీద పక్షులన్నీ ఆవిడ అద్దినవే. చేతులు లోపలికి పెట్టింది.

‘శేషు బిడ్డ చచ్చిపోయింది. ఈ పెట్టె చంపింది. దీన్ని అక్కడ పెట్టి మనిషిని తీసేసిన మీరు చంపారు. మాకు పెట్టె వద్దు. మా పక్కన నిలబడి మా కోసం గొంతు చించుకునే మనుషులు కావాలి. కేంద్రం మూసేస్తే మీ గుమ్మంలో కూచుంటాం. లాగేసినా లేవం.’

ఆవిడ చేతులు తిరిగిన వేగానికి మంచు సుడులు తిరిగింది. ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత హాలంతా నా గొంతు పరుచుకుంది.

“శేషు గారి విషయంలో చిన్న ఇబ్బంది జరిగిందండి. తమరి దృష్టికి తెస్తున్నామండి. అద్దంతోపాటు మనిషి సాయం కూడా ఉంటే బాగుంటుందేమోనండి. ఎట్టాగైనా తమరి దయ అండి.”

కమిషనర్ గారు తృప్తిగా నవ్వాడు. “చూశారా, ఎంత చక్కగా, ఎంత మర్యాదగా చెప్పారో! ఇంతకంటే రుజువేం కావాలి?” అని పక్కాయనతో అని, లేచి అక్కకి దణ్ణం పెట్టాడు.

అక్క ఆ నవ్వు చూసింది. మాటలు వినపడని వాళ్లకి మొహాలు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. నువ్వు చంపావని చెబితే ఏ మనిషీ అట్టా నవ్వడు. ఆవిడ మెల్లగా గోడ వైపు తిరిగింది. నన్ను వెతికి పట్టుకుంది. రెండు వేళ్లు పెదాల మీద పెట్టుకుని, అరచెయ్యి తెరిచింది.

‘నోరూ, ఏం చెప్పిందది?’

‘నువ్వు చెప్పిందే చెప్పింది’ అనడానికి నా చేతులు లేచాయి. అలవాటైన చేతులు, నన్ను అడగకుండానే లేచాయి. ఆ చేతుల మధ్యలోంచి శేషు కనపడింది. ఒళ్లో పెట్టుకున్న ఆ రెండు చేతులు కదలకుండా, మడతపెట్టి దాచేసిన గుడ్డల్లా ఉన్నాయి.

“అబద్ధం!” అని అరిచాను. ఎవరో కూచోమన్నారు. నేను వెళ్లి మంచు పక్కన, అక్క ఎదురుగా నిలబడ్డాను. చేతులతో చెబుతూ నోటితోనూ చెప్పాను.

“నువ్వు చెప్పింది అది చెప్పలేదక్కా. దయ అంది. చిన్న ఇబ్బంది అంది. దానికది నేర్పింది నేను. షెడ్డు ఆయన్ని నువ్వు దొంగ అన్నావు, నేను తప్పయిపోయింది అన్నా. స్టేషన్లో నువ్వు కొట్టారన్నావు, నేను తగిలిందన్నా. నీ కోపం ఏనాడూ నా నోట్లోంచి రాలేదు. ఒక్కసారి కూడా. శేషు భయాన్ని నొక్కేసింది ఆ పెట్టె కాదు. నేను.”

నా చేతులు మంచు గడపకి తగులుతున్నాయని నాకు తెలియలేదు. అద్దం వాటిని పోల్చుకుంది. నా వెనక నుంచి నేనే మొదలుపెట్టాను.

“నావల్ల కొద్దిగా పొరపాట్లు జరిగి ఉండొచ్చండి... పెద్దమనసు చేసుకుని మన్నించాలండి...”

“ఒకసారి కూడా కాదు!” అని నేను.

“ఎప్పుడైనా ఒకసారి జరిగిందేమోనండి...” అని అది.

హాల్లో రెండు గొంతులు. రెండూ నావే. ఒకటి బొంగురుపోయి అరుస్తోంది, రెండోది చేతులు కట్టుకుని నన్ను సర్దుతోంది. వినపడని నలభై మంది నా చేతులు చూస్తున్నారు. వినపడే పదిమంది మంచుని చూస్తున్నారు. తబస్సుమ్ మొహం పాలిపోయింది. మీట దించింది. ఇన్నాళ్లూ గడప దాటని మంచు ఒక్కసారిగా నేల మీదికి జారి, గచ్చు మీద పరుచుకుని, అక్క పాదాల దగ్గర నీళ్లయింది.

“అంటే తప్పు అద్దానిది కాదు,” అన్నాడు కమిషనర్ గారు. “మీది.”

“నాదే.”

“మరి ఇన్నేళ్లూ మీలాంటి వాళ్లనేగా ప్రభుత్వం పోషించింది? ఆ కేంద్రం ఎందుకు నడపాలి, చెప్పండి?”

ఆ ప్రశ్నని మెత్తగా చెయ్యకుండా, ‘మీలాంటి వాళ్లు’ దగ్గర ఆయన చూపిన వేలుతో సహా, అక్కకి చెప్పాను.

అక్క తడి నేల మీద నిలబడి ఉంది. ఏడవలేదు. గడిచిన ఏళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా బయటికి తీసి, తిరగేసి చూస్తున్నదానిలా కనపడింది. తర్వాత చేతులెత్తింది. కమిషనర్ గారు నా వంక చూశాడు. ఇంకెవరున్నారు? నేనే చెప్పాలి. నేనే చెప్పాను.

“ముప్పై ఏడేళ్లు నేను మాట్లాడుతున్నాననుకున్నాను. మాట్లాడలేదంట. ఇవాళ మాట్లాడుతున్నా. శేషు బిడ్డని మీరంతా కలిసి చంపారు. అందులో వీడొకడు. కేంద్రం ఉండాలి. మనుషులు ఉండాలి. వాళ్లు మా తరఫున ఏం చెప్పారో రాసి ఆ రోజే మా చేతికివ్వాలి. చదువొచ్చినవాళ్లు మాలో ఉన్నారు, చూసుకుంటారు. అబద్ధం చెప్పినవాణ్ణి తీసేసేది మేము, మీరు కాదు.”

ఆవిడ ఆగింది. రెండు వేళ్లు పెదాల దాకా లేచి, అక్కడే ఆగి, కిందికి దిగాయి. నా పేరు చెప్పలేదు. చూపుడువేలు నా గుండె వైపు చాపింది. రెండో చెయ్యి అడ్డంగా గాలిని నరికింది.

నేను కమిషనర్ గారి కళ్లలోకి చూశాను.

“నాకు కేంద్రం కావాలి. వీడు వద్దు.”

చివర అండి చేర్చలేదు.

*

అద్దాల్ని ఆస్పత్రుల నుంచి తీసేశారు. కేంద్రానికి ఇంకో ఏడాది గ్రాంటు వచ్చింది. పేర్ల జాబితాలో నా పేరు లేదు. అడిగింది అడిగినట్టుగా ప్రభుత్వం చేసిన పని నా ఎరుకలో అదొక్కటే.

ఐసు ఫ్యాక్టరీలో నా గొంతు చెరిపేసే రోజున తబస్సుమ్ కబురు పెట్టింది. అన్నా అని పిలవలేదు, రమ్మని మాత్రం అంది. టీలో చక్కెర నేనే కలుపుకున్నాను. పెట్టెలో మంచు పలచబడుతూ పలచబడుతూ, చివర్లో రెండు చేతులుగా ఆగింది. “అలాగేనండి,” అంది. తర్వాత ఖాళీ గాజు. ఇప్పుడు దానికి మళ్లీ మొదటి నుంచి నేర్పడానికి వినపడని వాళ్లే ముందు కూచుంటున్నారు. అది పలికింది తెర మీద అక్షరాల్లో చూసి, తప్పయితే బల్ల మీద కొడుతున్నారట. శేషు కూడా వెళ్తోందట. అందరికంటే గట్టిగా కొట్టేది ఆ పిల్లేనట.

అక్క నాతో ఐదు నెలలు ఏమీ చెప్పలేదు. నేను పొద్దున్నే వెళ్లి కాలవ గట్టు మీద కూచునేవాణ్ణి. ఆవిడ నన్ను చూసేది, గట్టుని చూసినట్టు.

మాఘమాసంలో ఒక పొద్దున, కాలవ మీద నిజం మంచు దట్టంగా పరుచుకుని ఉంది. అవతలి గట్టు లేదు, ఆకాశం లేదు. ఎర్రటి చేతులు రెండు మాత్రం తెల్లదనంలో కదులుతున్నాయి. శేషు ఆ పూట బందరు వెళ్లింది. పన్నెండు గజాల గుడ్డ, నీళ్లు తాగి రాయిలా ఉంది. ఒక్క మనిషి వల్ల పిండడం కాదు. అక్క అటూ ఇటూ చూసింది. ఇంకెవరూ లేరు. గుడ్డ కొన ఒకటి నా ఒళ్లోకి విసిరింది.

నేను నీళ్లలోకి దిగి కొన పట్టుకున్నాను. ఆవిడ ఒక వైపుకి తిప్పింది, నేను ఎదురు వైపుకి తిప్పాను. గుడ్డ మెలిపడి మా ఇద్దరి మధ్యా బిగుసుకుంది. ఆవిడ లాగితే నా భుజాలకి తెలుస్తోంది, నేను లాగితే ఆవిడకి తెలుస్తోంది. చేతులు ఖాళీ లేవు. మెలికలోంచి నీళ్లు ముందు ఎర్రగా కారాయి. ఆవిడ ఇంకో మెలిక తిప్పింది. తేటనీళ్లు పడేదాకా ఇద్దరమూ వదల్లేదు.